లోలా చారులో బొప్పాయి

పోయిన మంగళవారం పని నుంచి వచ్చి, బూట్లు విప్పి, ఇంకా కాళ్ళయినా చాపుకోలేదు, తలుపు చప్పుడైంది. పక్క టౌన్‌హోమ్ అమ్మాయి. పెళ్ళయి ఈ దేశం వచ్చి ఏడాది కూడా కాలేదు. మూడో నెల. ఆ సంగతి ఇక్కడ నాకొక్కదానికే చెప్పింది. చేతిలో ఫోను, ముఖం తెల్లగా పాలిపోయి ఉంది.

"ఆంటీ, బిజీగా ఉన్నారా?" అంటూనే లోపలికి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. "ఆఫీస్‌లో లంచ్‌కి ఒకామె సలాడ్ తెచ్చింది ఆంటీ. పచ్చిమామిడి తురుము అనుకుని మళ్ళీ పెట్టించుకుని మరీ తిన్నాను. అంతా అయ్యాక చెప్పింది, అది గ్రీన్ పపాయ అట."

వాళ్ళమ్మకు ఇంకా చెప్పలేదట. చెబితే అక్కడ ఆవిడ ముద్ద ముట్టదట. నెట్‌లో చూస్తే ఒకచోట ఏమీ కాదని, ఇంకోచోట అంతా అయిపోతుందని రాశారట. నేను డాక్టర్ ఆఫీస్‌కి ఫోన్ చేయించాను. నర్సు నిదానంగానే మాట్లాడింది. ఒక్కసారి తిన్నదానికి కంగారు పడొద్దని, ఇక మీదట మానేయమని, నొప్పి గాని రక్తం గాని కనిపిస్తే ఆలస్యం చేయకుండా రమ్మని చెప్పింది. అమ్మాయి ఫోన్ పెట్టేసి నా ముఖంలోకి చూసింది.

"నిజంగా ఏమీ కాదా ఆంటీ?"

నర్సు చెప్పింది కదా అన్నాను.  ఆ ప్రశ్న నేను ఇదివరకు విన్నాను. వేరే ఇంట్లో, మా అమ్మ గొంతులో.

నాకు తెలుగు అక్షరాలు చాలా ఆలస్యంగా వచ్చాయి. ఇంట్లో తెలుగే మాట్లాడుకున్నా, కూర్చోబెట్టి రాయించే తీరిక ఎవరికీ ఉండేది కాదు. యాభై దాటాక, గుడి కింది హాల్లో ఆదివారం క్లాసులో, పిల్లల బల్లల కింద మోకాళ్ళు పట్టక పక్కకి తిరిగి కూర్చుని నేర్చుకున్నాను. ఇంత పొడుగు రాయడం ఇదే మొదలు. ఇప్పుడు ఆ ఇంటి సంగతి తెలిసినవాళ్ళు ఎక్కువమంది మిగల్లేదు. అందుకని రాస్తున్నాను.

ఇప్పుడు నేనుండే ఈ షామ్‌బర్గ్ వైపు ఏ రోడ్డెక్కినా మనవాళ్ళ కొట్లే. కరివేపాకు కట్టలు, గోంగూర, దోసపిండి, అన్నీ. నా చిన్నప్పుడు ఈ శివార్లలో అవేవీ లేవు. మేము ఒక ఫిలిప్పీన్స్ కుటుంబం ఇంట్లో అద్దెకుండేవాళ్ళం. పైన వాళ్ళు, సగం నేలలోకి దిగిన బేస్‌మెంట్‌లో మేము. వంటిల్లు మాత్రం ఇద్దరికీ ఒకటే, పైన. ఇంటి ఆంటీ ముసలివాళ్ళను చూసుకునే హోమ్‌లో షిఫ్టులు చేసేది. వాళ్ళాయన లారీ మీద దూరాలు పోయేవాడు, ఇంట్లో కనిపించడమే తక్కువ. వాళ్ళకు నా ఈడు కూతురు. ఇక ఆంటీ వాళ్ళమ్మ. ఆమెను అందరూ లోలా అనేవాళ్ళు. వాళ్ళ భాషలో అమ్మమ్మని అలా పిలుస్తారు. నేనూ అలాగే పిలిచాను.

ఆ ఇల్లు అమ్మ ఎంచుకున్నది బాత్‌రూమ్ చూసి. మొదటిసారి చూడటానికి వెళ్ళినప్పుడు అక్కడ బకెట్టూ, అందులో పిడి ఉన్న చెంబూ ఉన్నాయట. అమ్మ బయటికి వచ్చి, "ఇదే తీసుకుందామండీ" అందట. నాన్న అప్పటికి అద్దె ఎంతో కూడా అడగలేదు.

వాళ్ళింట్లో గుమ్మం దగ్గర చెప్పులు విప్పేవాళ్ళు. పొద్దునా సాయంత్రం అన్నం వండేవాళ్ళు. మనిషి ఎదురుపడితే ముందు అడిగే మాట తిన్నావా అని. మిగతావన్నీ వేరు. లోలా వెల్లుల్లి వేయించి వెనిగర్ పోసేసరికి అమ్మకు తుమ్ములు. అమ్మ ఇంగువ తాలింపు పెట్టేసరికి లోలాకి తుమ్ములు. లోలా ఎండుచేపలు వేయించిన రోజున అమ్మ మాత్రం ఏదో పని ఉన్నట్టు వంటింట్లోనే తచ్చాడేది. పుట్టింటి వాసన అనేది. ఏ వాసన ఎవరిదో తెలియకుండా అన్నీ కలిసి మా చలికోట్లకు పట్టుకునేవి. స్కూల్ బస్సులో మా పక్కన ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు. ఆ పిల్లా నేనూ ఎప్పుడూ ఒకే సీటు.

శనివారాలు ఆంటీ కార్లో ఫిలిప్పీన్స్ వాళ్ళ కొట్టుకి వెళ్ళేవాళ్ళం. అమ్మ అక్కడ మొదటిసారి మునగాకు చూసి, ఆ కట్టను అలాగే ముక్కుకి ఆనించుకుని నిలబడిపోయింది. చింతపండు, కాకరకాయ, చేమదుంప, అన్నీ అక్కడే. అమ్మకు వచ్చిన ఇంగ్లీషు కొంచెం, లోలాకి వచ్చింది ఇంకొంచెం తక్కువ. లోలా వేలు పెట్టి ఏదీ చూపించేది కాదు. పెదవులు ముందుకు చాచి అటు తిప్పేది. ఉప్పు ఎక్కడంటే పెదవులు, పిల్లలెక్కడంటే పెదవులు. అమ్మ కూడా కొన్నాళ్ళకు అలాగే చూపించడం మొదలుపెట్టింది. నాన్న నవ్వి, ఊరెళ్తే నీకు మూతి వంకర పోయిందనుకుంటారు అనేవాడు.

పెద్దవాళ్ళు కనిపిస్తే ఫిలిప్పీన్స్ పిల్లలు వాళ్ళ చెయ్యి అందుకుని తమ నుదుటికి ఆనించుకునేవాళ్ళు. అది వాళ్ళ దండం. నేనూ లోలాకి అలా చేసి చేసి, ఒకసారి మా ఇంటికొచ్చిన తెలుగాయన చెయ్యి లాగి నుదుటికి పెట్టుకున్నాను. ఆయన నాకు జ్వరం వచ్చిందేమో చూడమంటున్నాననుకుని, లేదమ్మా చల్లగానే ఉంది అన్నాడు. "కాళ్ళకు దండం పెట్టాలి గాని చేతులు రుద్దుకోవడమేమిటే" అని అమ్మ తర్వాత చీవాట్లు పెట్టింది.

స్కూలు నుంచి వచ్చాక అమ్మ వచ్చేదాకా మా ఇద్దరినీ లోలాయే చూసుకునేది. అమ్మకు రేడియో భాగాలు అతికించే ఫ్యాక్టరీలో పని, నాన్నకు ఒక గోడౌన్‌లో. లోలా పేపరు పరిచి మునగాకు ముందు పోసేది. మేము రెమ్మలు దూస్తూ పుల్లలు ఒకరి జడలో ఒకరం గుచ్చుకునేవాళ్ళం. లోలా అటు తిరిగినప్పుడు డబ్బాపాలు వేలితో తీసుకుని నాకేవాళ్ళం. పుల్లమామిడి ముక్కకి రొయ్యల ముద్ద రాసుకుని తినడం కూడా అక్కడే నేర్చుకున్నాను. అమ్మ వచ్చే టైముకి టూత్‌పేస్టుతో నోరు కడుక్కునేదాన్ని. రొయ్యల వాసన టూత్‌పేస్టుకి లొంగదని అమ్మకి తెలుసు. 

ఒక చలికాలం చివర్లో అమ్మకు తాలింపు వాసన పడటం మానేసింది. ఆవాలు చిటపటలాడగానే నోరు మూసుకుని మెట్లు దిగిపోయేది. పని నుంచి వచ్చి కోటు కూడా విప్పకుండా మంచం మీద వాలిపోయేది. నాకెవరూ ఏమీ చెప్పలేదు. లోలా మాత్రం వంటింట్లోంచి అమ్మ నడక చూస్తూ ఉండేది. ఆమె కూడా ఏమీ అడగలేదు. చారు కాచడం మొదలుపెట్టింది.

అది కోడిచారు. బోలెడు అల్లం, కోడిముక్కలు, చివర్లో గుప్పెళ్ళ కొద్దీ మునగాకు. మసాలా ఏమీ ఉండదు, నీళ్ళలాగే ఉంటుంది. మేము పంది, గొడ్డు తినమని తెలిసినప్పటి నుంచి లోలా మాకోసం కోడి వేరే గిన్నెలో వండేది. ఆ చారులో లేత ఆకుపచ్చ ముక్కలుండేవి. అమ్మ అన్నంలో కలుపుకుని వారాల తర్వాత కడుపునిండా తింది. "నోటికి అన్నం సయించి ఎన్నాళ్ళయిందో. ఆ సొరకాయ చూడండి, ఎంత లేతగా ఉందో" అని నాన్నకి కూడా వడ్డించింది. ఆ తర్వాత రోజు విడిచి రోజు మా కోసం పొయ్యి మీద ఆ గిన్నె ఉండేది. అమ్మ ముఖంలో కాస్త రంగు వచ్చింది. లోలా ఖాళీ గిన్నె చూసుకుని మా అందరి వైపూ పెదవులు తిప్పి నవ్వేది.

ఒక సాయంత్రం కింద మా బల్ల దగ్గర అన్నం తింటూ అమ్మ మళ్ళీ సొరకాయని మెచ్చుకుంది. నాకు తెలిసిన సంగతి చెప్పకుండా ఉండలేకపోయాను.

"అది సొరకాయ కాదమ్మా. పపాయ అట. లోలా చెక్కు తీస్తే పాలు కారాయి. లోపల తెల్ల గింజలు. నేనే తీశాను."

అమ్మ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. నన్ను మళ్ళీ చెప్పమంది. పచ్చిదేనా అని అడిగింది. తర్వాత నాన్న వైపు తిరిగింది.

"ఏవండీ, వారం నుంచి తింటున్నానండీ."

నాన్న ఏం కాదులే అన్నాడు. అమ్మ వైపు చూడకుండా అన్నాడు. అమ్మ చెయ్యి కడుక్కుని మంచం మీద కూర్చుంది. కాసేపయ్యాక, "నిజంగా ఏమీ కాదా?" అని అడిగింది. నాన్న కంచాలు తీశాడు.

ఆ రోజు నుంచి చారు గిన్నె కిందికి వచ్చేది, అన్నంలోకి వెళ్ళేది కాదు. పెట్టినది తీసుకోకపోతే లోలా నొచ్చుకుంటుందని అమ్మ తీసుకునేది. తర్వాత బట్టలుతికే మెషిన్ పక్కనున్న తొట్టిలో పారబోసేది. ఆంటీ ఒక ఆదివారం బట్టలు వేయడానికి దిగి, తొట్టి జాలీలో మునగాకూ ముక్కలూ ఇరుక్కుని ఉండటం చూసింది. చేత్తో తీసి శుభ్రం చేసి పైకి వెళ్ళిపోయింది. మర్నాడు పొయ్యి మీద మా గిన్నె లేదు. లోలా నన్ను తిన్నావా అని అడిగింది గాని పెదవులు తిప్పలేదు. ఆ తర్వాత బస్సులో ఆ పిల్ల, మా లోలా వంట మీకు అసహ్యమట కదా అని, లేచి వెళ్ళి ముందు సీట్లో కూర్చుంది. నా కోటు వాసన నాకొక్కదానికే తెలుస్తూ ఇంటికి వచ్చాను.

ఆంటీ ఒకసారి యూనిఫామ్‌తోనే మెట్లు సగం దిగి నిలబడి అమ్మతో మాట్లాడింది. మా అమ్మ పెద్దది, మనసులో పెట్టుకుంటుంది, ఆమె ఏదైనా తప్పు చేస్తే నాతో చెప్పు, ఇల్లు మారాలనుకుంటున్నా చెప్పు అంది. అమ్మ కడుపు బాగోలేదని మాత్రం చెప్పింది. ఆంటీ వెళ్ళాక, ఉన్నమాట చెప్పెయ్యొచ్చు కదా అన్నాను.

"ఏమని చెప్పమంటావే? మీ అమ్మ ప్రేమగా పెట్టింది నా కడుపులో బిడ్డకి గండమని చెప్పనా?"

తమ్ముడో చెల్లెలో వస్తున్నారని నాకు తెలిసింది ఆ మాటతోనే. అంతకు ముందు చలికాలంలో అమ్మకు ఒకటి నిలవలేదని కూడా అప్పుడే చెప్పింది. అందుకే ఈసారి ఐదో నెల దాకా ఎవరికీ తెలియకూడదని పెట్టుకుంది. బయటికి చెబితే దిష్టి, చెప్పకపోతే లోలా మనసు కష్టం. ఇక బొప్పాయి వేడి చేస్తుందని, పచ్చిదైతే కడుపు నిలవదని, అమ్మ పుట్టి పెరిగిన చోట చిన్నపిల్లలకు కూడా తెలుసు. నాకు చెప్పడం పూర్తయ్యాక అమ్మ బట్టలు మడత పెట్టడం మొదలుపెట్టింది. మడత పెట్టినవే మళ్ళీ విప్పి మడత పెట్టింది.

తర్వాత కొన్నాళ్ళకు నేను స్కూలు నుంచి వచ్చేసరికి అమ్మ ఇంట్లోనే ఉంది. బాత్‌రూమ్ తలుపు వెనక నుంచి, నాన్నకి ఫోన్ చెయ్యమంది. గొంతు అమ్మది లాగా లేదు. ఫోను పైన వంటింట్లో ఉంది. నేను మెట్లెక్కి పరుగెత్తడం చూసి లోలా ఏమైందని అడిగింది. బ్లడ్ అన్నాను.

లోలా ఎప్పుడూ కిందికి వచ్చేది కాదు. మోకాళ్ళు వంగేవి కావు. ఆ రోజు గోడ పట్టుకుని, పక్కకి తిరిగి, ఒక్కొక్క మెట్టూ దిగింది. అమ్మ తలుపు తీసి, గడప మీదే కూర్చుండిపోయింది. లోలా కింద కూర్చోలేక, గోడకి ఆనుకుని వంగి, అమ్మ తల తన పొట్టకి ఆనించుకుంది. అప్పుడు అమ్మ చెప్పేసింది. తనకు వచ్చిన కాస్త ఇంగ్లీషులో, పపాయ లోలా, మా ఊళ్ళో పపాయ తింటే బేబీ ఉండదు అని.

 లోలా ముఖం నాకు కనిపిస్తూనే ఉంది. తొట్టిలో దొరికిన ముక్కలు, ఇన్నాళ్ళ మౌనం, అన్నీ ఒకదానితో ఒకటి కలుస్తున్నట్టుగా ఉంది. మెల్లగా అమ్మ జుట్టు సర్దింది.

"సారీ, అనాక్," అంది. అనాక్ అంటే బిడ్డా అని. సొంత కూతురిని అలాగే పిలిచేది.

నాన్న ఫోన్‌లో దొరకకపోతే ఆంటీకి చేశాను. ఆంటీ షిఫ్టు మధ్యలో వదిలేసి కారేసుకుని వచ్చింది. హాస్పిటల్‌లో బిడ్డ గుండె కొట్టుకుంటోందన్నారు. తర్వాత వచ్చిన నాన్న బొప్పాయి వల్లనా అని అడిగితే డాక్టరు అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. ఇలాంటివి ఎందుకు జరుగుతాయో చాలాసార్లు తెలియదు అన్నాడట. మంచం దిగకూడదని, మెట్లు అసలే ఎక్కకూడదని చెప్పి పంపారు. అమ్మ ఫ్యాక్టరీ పని పోయింది.

మెట్లెక్కని మనిషికి ఇక వంటింట్లో ఏం జరుగుతుందో తెలియదు. మొదటి రోజు అమ్మ బ్రెడ్డు తింది, రెండో రోజు నాన్న వండిన మాడిన అన్నం తింది. మూడో రోజు మధ్యాహ్నం మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. ఒక అడుగు, కాసేపు ఆగడం, ఇంకో అడుగు. లోలా చేతిలో ఒక బెంగుళూరు వంకాయ ఉంది. ఇంకా కొయ్యలేదు. దాన్ని రెండు చేతులతో పట్టుకుని అమ్మ కళ్ళ ముందు పెట్టింది. వాళ్ళ భాషలో దాని పేరు చెప్పింది. తొడిమ వైపు, అడుగు వైపు, చుట్టూ తిప్పి చూపించింది. అమ్మకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక తల ఊపింది. లోలా మళ్ళీ ఆగుతూ ఆగుతూ మెట్లెక్కి వెళ్ళింది. ఆ తర్వాత కత్తి పలక మీద పడుతున్న చప్పుడు పైనుంచి వినిపించింది.

అమ్మ ఆ పూట చారు తింది.

అక్కడి నుంచి రోజూ అదే. కోసే ముందు కాయని తెచ్చి చూపించేది. ఒకరోజు నిజం సొరకాయ, ఒకరోజు గుప్పెడు మునగాకు. ఒకసారి కవర్లో కోడిని కూడా తెచ్చి చూపించింది. అమ్మ నవ్వాపుకోలేక, కోడిని నేను గుర్తుపడతాను లోలా, అంది తెలుగులోనే. లోలాకి అర్థమైనట్టే ఉంది, తనూ నవ్వింది. మేము తెచ్చిపెడతాం అని ఆ పిల్లా నేనూ అడిగాం. అప్పటికి బస్సులో మళ్ళీ ఒకే సీట్లోకి వచ్చాం. లోలా వద్దంది. వండేది నేను కదా, నేనే చూపించాలి అని ఆ పిల్లతో చెప్పింది.

లోలా మెట్ల మీద ఎక్కడ ఆగుతుందో మాకు తెలుసు. అక్కడ ఆమె ఊపిరి పీల్చుకోవడం వినిపించేది. ఆ పిల్ల ఒకసారి నాతో గొంతు తగ్గించి చెప్పింది. లోలా తన కడుపున పుట్టిన పిల్లలందరినీ మోసినప్పుడు ఆ చారే తాగిందట, పచ్చి బొప్పాయితోనే. ఆంటీతో ఆ మాట అని చాలాసేపు ఆలోచిస్తూ కూర్చుందట. అమ్మతో మాత్రం ఎప్పుడూ అనలేదు.

తమ్ముడు మంచు లేని కాలంలో పుట్టాడు. ఇంటికి వచ్చాక అమ్మకి పాలు సరిగా పడలేదు. పచ్చి బొప్పాయి తింటే పాలు పడతాయని కూడా మనవాళ్ళు అంటారు. ఒక పొద్దున్న నన్ను పిలిచి, "పైకి వెళ్ళి లోలాతో చెప్పు. ఇప్పుడు ఆ కాయ వెయ్యమను" అంది. నేను చెప్పాను. లోలా ఆ మధ్యాహ్నం పచ్చి బొప్పాయిని రెండు చేతులతో పట్టుకుని మళ్ళీ మెట్లు దిగి వచ్చింది. అమ్మ అడిగిందే అయినా, చూపించి, అమ్మ తల ఊపాకే వెళ్ళి కోసింది.

తర్వాత రెండేళ్ళకు నాన్నకి వేరే ఊళ్ళో మంచి పని దొరికి మేము వెళ్ళిపోయాం. సామాను వ్యాన్ ఎక్కించాక అమ్మ వంటింట్లో లోలా కాళ్ళకు దండం పెట్టబోయింది. లోలా ఏదో కింద పడిపోయిందనుకుని గబుక్కున కాళ్ళు వెనక్కి తీసి, తనూ నేల మీద వెతకడం మొదలుపెట్టింది. అమ్మ లేచి, ఆమె చెయ్యి అందుకుని, తన నుదుటికి ఆనించుకుంది. ఇదేమిటే అని నన్ను కోప్పడిన పనే. చాలాసేపు అలాగే ఉంచింది.

లోలా పోయిన సంగతి మాకు ఆలస్యంగా తెలిసింది. కొన్నేళ్ళకు ఆ ఇల్లు కూడా చేతులు మారింది. ఆ పిల్ల ఎక్కడుందో నాకు తెలియదు. అమ్మా నాన్నా ఇప్పుడు లేరు. తమ్ముడు ప్లేనోలో ఉంటాడు. తన కోసం ఒక ముసలామె మెట్లు దిగిందని వాడికి ఒకసారి చెప్పాను. కాల్‌లో ఉన్నాను, మళ్ళీ మాట్లాడతా అక్కా అన్నాడు. వాడి తప్పు లేదు. నాకూ మళ్ళీ చెప్పే ఓపిక రాలేదు.

మొన్న పక్కింటి అమ్మాయి భర్త కనిపించాడు. నర్సు చెప్పాక కూడా ఆమెకు ధైర్యం రాలేదని, బయటి తిండి అంతా మానేసిందని, అతను వండిపెట్టింది కూడా అనుమానంగా చూస్తోందని చెప్పాడు. ఆదివారం పొద్దున కొట్టుకి వెళ్ళి లేత సొరకాయ తెచ్చాను, మునగాకు తెచ్చాను. అల్లం దంచి, కోడి కడిగి, సొరకాయని పలక మీద పెట్టి కత్తి తీసుకున్నాను. తీసుకుని ఆగాను. వాళ్ళ గుమ్మానికి ఎక్కువ మెట్లు లేవు. అయినా నా మోకాళ్ళు ఈ మధ్య వాటికే మొరాయిస్తున్నాయి.

కత్తి పక్కన పెట్టి, సొరకాయ తీసుకుని, వాళ్ళ కమ్మీ పట్టుకుని మెట్లెక్కి బెల్ కొట్టాను. అమ్మాయి నైట్ ప్యాంట్‌లోనే వచ్చి తలుపు తీసింది.

"ఏంటాంటీ ఇది?"

సొరకాయని రెండు చేతులతో ఆమె ముందు పెట్టి, తొడిమ వైపు ఒకసారి, అడుగు వైపు ఒకసారి తిప్పాను.

"సొరకాయమ్మా, నీకు చారులోకి. సరిగ్గా చూసుకో," అన్నాను. "నువ్వు చూశాకే వెళ్ళి కోస్తాను."

ఆమె నా ముఖం, కాయ, మళ్ళీ నా ముఖం చూసింది. తర్వాత దాని మీద చెయ్యి వేసి, మెల్లగా తల ఊపింది. నేను మళ్ళీ కమ్మీ పట్టుకుని, మధ్యలో ఒకచోట ఆగి ఊపిరి తీసుకుని, దిగి వచ్చాను.